రోజుకో అర్థం

మొన్నొక ఆదివారం మా అన్నయ్య మనవరాలు మా ఇంట్లో సోఫా మీద కాళ్లు ముడుచుకు కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఆరో తరగతి. ‘రన్’ అనే ఇంగ్లీషు మాటకు ఎన్ని అర్థాలున్నాయో, ఒక్కో అర్థానికి దగ్గరి మాటలేమిటో రాసుకు రమ్మన్నారట. పిల్ల ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఆ మాట అడిగింది. నేను కళ్లజోడు తుడిచి పెట్టుకునే లోపల చాంతాడంత జాబితా వచ్చిపడింది. చూసి రాసుకోవడం కూడా లేదు, ఏవో నాలుగు నొక్కులు నొక్కి బడికి పంపేసి పుస్తకం మూసేసింది. అప్పుడే అయిపోయిందా అని అడిగితే, "దీనికెంతసేపు తాతయ్యా" అంది. దీనికెంతసేపు అని నేనూ ఒకప్పుడు అనుకోవలసింది, అనుకోలేదు. ఆ పిల్ల వెళ్లిపోయాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పని ఆ సూరత్ ముచ్చట ఇప్పుడు చెప్పుకుంటే గానీ నాకు మనసు నిలబడేలా లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఒంగోలు దగ్గర ఊరు మాది. కెమిస్ట్రీలో డిగ్రీ పుచ్చుకుని అరుగుల మీద కబుర్లతో కాలక్షేపం చేస్తుంటే, మా మేనమామ ఎవరినో పట్టుకుని సూరత్ పక్కన పల్సానా దగ్గర ఒక రంగుల మిల్లులో ఉద్యోగం వేయించాడు. వ్యాపారి ఇచ్చిన నమూనా ముక్కకు సరిపోయేలా చిన్న చిన్న గిన్నెల్లో రంగు కలిపి, గుడ్డ ముక్క ముంచి, ఆరబెట్టి చూపించడం నా పని. మా పెద్ద కెమిస్టు గుజరాతీ ఆయన. మనిషి మంచివాడే కానీ మాటల దగ్గర పరమ పిసినారి. నేను చేసిన ముక్కను కిటికీ వెలుతురుకు పెట్టి "లాల్ కమ్" అనో "పీలా జ్యాదా" అనో అనేవాడు. ఎరుపు తక్కువ, పసుపు ఎక్కువ. రోజంతటికీ నాకు దక్కే సంభాషణ అదే. ఇక నా హిందీ అంటారా, పదో తరగతి పరీక్ష గట్టెక్కడానికి తప్ప మరెందుకూ పనికిరాని హిందీ. నేను నోరు తెరిస్తే పక్క బల్లల వాళ్లు నవ్వేవారు. చెడ్డ నవ్వు కాదు, అయినా నవ్వే కదా. నెల తిరిగేసరికి నేను నోరు తెరవడం మానేశాను. ఊళ్లో నన్ను వాగుడుకాయ అనేవారంటే ఆ మిల్లులో ఎవరూ నమ్మి ఉండరు.

బస సూరత్ ఊళ్లో, లింబాయత్‌లో. ఆ వైపు మన తెలుగువాళ్ల మగ్గాల బతుకే ఎక్కువ. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక ఆవిడ కింద మెస్సు నడుపుతూ పైన రెండు గదులు అద్దెకిచ్చేది. అందరూ ఆవిణ్ణి అక్క అనేవారు, నేనూ అక్కే అన్నాను. గది చూపించమంటే ఒక మంచం చూపించింది. ఆ మంచంలో కూడా సగమే నాదని తర్వాత తెలిసింది. మగ్గాల ఖాతాల్లో, అంటే షెడ్లలో, పన్నెండేసి గంటల పాలీలు. పగటి పాలీవాడు పనికి పోతే రాత్రి పాలీవాడు వచ్చి అదే పక్క మీద పడుకుంటాడు. మంచం ఖాళీగా ఉండటం అక్కడ పాపం కింద లెక్క. నాకు జత కలిసినవాడు రాత్రి పాలీ మనిషి. నేను పొద్దున ఆరున్నరకు పల్సానా బస్సు పట్టుకుంటే ఆయన ఏడున్నరకు వచ్చేవాడు. సాయంత్రం ఆరున్నరకు ఆయన వెళ్లిపోతే నేను ఎనిమిదికి చేరేవాణ్ణి. సోమవారం ఆయన సెలవు, ఆ రాత్రి ఉధనాలో తమ్ముడి గదికి పోయి పడుకునేవాడు. శనివారం నా సెలవు, ఆ పగలు గది ఆయనకు వదిలి నేను బజారున పడేవాణ్ణి. ఏడాది పాటు ఒకే దిండు మీద తల పెట్టిన ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసింది నాలుగైదుసార్లు, అదీ మెట్ల మీద. నలభై దాటిన మనిషి, జుట్టులో దూది పోగులు, నన్ను చూసి తలాడించి పక్కకు తప్పుకునేవాడు.

మొదట మా ఇద్దరి మధ్య ఉన్న బంధుత్వమల్లా ఆ దిండుతోనే. దాని నిండా ఆయన తలనూనె వాసన. దిండు తిప్పేసుకున్నాను, రెండో వైపూ అదే వాసన. తువ్వాలు పరిచాను, మర్నాటికి తువ్వాలుకూ పట్టింది. కోపం పట్టలేక ఒకరోజు ఒక నోటుబుక్కు కొని, ‘దయచేసి దిండు మీద గుడ్డ వేసుకోండి’ అని రాసి కిటికీలో పెట్టి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే దిండుకు ఉతికిన గలీబు, పుస్తకంలో జవాబు. అక్షరాలు పెద్దవి, ఒక్కోటీ తీరిగ్గా దిద్దినట్టు ఉన్నాయి. ‘సార్‌కు నమస్తె. తప్పయింది. మీరు గూడ కుండల నీళ్లు నింపి పోతె మంచిగుంటది.’ చదివి నవ్వుకున్నాను. సూరత్ వచ్చాక నేను నవ్వడం అదే మొదలు. ఆ రోజు నుంచి నీళ్లు, కిరసనాయిలు, ఎలుక, తాళంచెవి, ఏదో ఒక వంకన ఇద్దరం రెండేసి ముక్కలు రాసుకునేవాళ్లం. ఆయన్ని నేను అన్నా అని రాసేవాణ్ణి. డిగ్రీ చదివినందుకు నేను ఆయనకు సార్ అయ్యాను.

నా శనివారాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. గదికి పోవడానికి వీల్లేదు, చేతిలో పగలంతా ఉంది. చీరల బజారు రెండుసార్లు తిరిగితే మూడోసారికి విసుగు. అందుకని స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని కూర్చునేవాణ్ణి. మన వైపు పోయే బండి వచ్చి ఆగితే, నీళ్లకోసం దిగేవాళ్లు తెలుగులో కేకలు పెట్టుకుంటారు. "మూత ఎక్కడ పారేశావురా", "అరటిపళ్లు వద్దు, పిల్లాడికి జలుబు." అవి వినడానికి వెళ్లేవాణ్ణి. ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు, మాట్లాడితే ఎక్కడికి పోతున్నారని అడుగుతారు, ఎక్కడికీ లేదని చెప్పాలి. బండి కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీద ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది. మనుషులు బోలెడంత మంది ఉంటారు, గోల ఉంటుంది, అయినా నిశ్శబ్దమే. అంత ఒంటరిగా నేను అంతకు ముందూ లేను, ఆ తర్వాతా లేను.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం పుస్తకంలో పేజీ నిండా ఉంది. ‘సార్‌కు నమస్తె. మా బిడ్డ కరీంనగర్ల ఇంగ్లీష్ మీడియం ఆస్టల్‌ల ఉంటది. మొన్నటిదాంక తెలుగుల సదివింది. దసర సెలవులకు ముందుగాల అందరి ముందట నిలవెట్టి ఒక్కొక్కరిని ఒక్క మాట మీద మాట్లాడుమంటరట. మంచిగ మాట్లాడకుంటె మల్ల తెలుగు మీడియంకే పంపుతరట. మా బిడ్డకు లైన్ అనే మాట వచ్చింది. దానికి ఎన్ని అర్థాలుంటె అన్ని, వాటికి మల్ల ఏరే మాటలు గావాలె. నేను అయిదు సదివిన. మీరె దిక్కు సార్.’ కింద గడువు తేదీ కూడా రాశాడు. ఇరవై అయిదు రోజులుంది. నా ట్రంకు పెట్టెలో కాలేజీలో బహుమతిగా వచ్చిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉంది. తీసి చూశాను. ఆ ఒక్క మాటకే పేజీన్నర, నలభై మూడు అర్థాలు. చూసి రాస్తే ఒక సాయంత్రం పని. రాత్రి భోజనానికి ముందు మొదలుపెడితే అక్క గిన్నెలు కడుక్కునే వేళకు అయిపోతుంది.

మొదటి రోజు ఒక్కటే రాశాను. అలసిపోయి ఒక్కటి రాశానో, ఊరికే రాశానో గుర్తు లేదు. లైన్ అంటే గీత, దానికి స్ట్రోక్ అనీ మార్క్ అనీ కూడా అంటారు అని తెలుగు అక్షరాల్లోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి, ఒక వాక్యం చేర్చాను. మర్నాడు దాని కింద ఆయన జవాబు పెద్దగా ఉంది. చిన్నప్పుడు పలక మీద గీత వంకర పోతే పంతులు వేళ్ల మీద కొట్టిన సంగతి. రెండో రోజు వరుస అని, క్యూ అని రాశాను. కిరసనాయిలు వరుసలో డబ్బాను నిలబెట్టి తను చాయ్ తాగడానికి పోతే డబ్బా ముందుకు జరిగిపోయి తన వంతు కూడా తెచ్చుకుందని రాశాడు. మూడో రోజు టెలిఫోను తీగ. ప్రతి ఆదివారం హాస్టలు వార్డెన్‌గారి ఫోనుకు చేస్తే బిడ్డ రావడానికి పట్టే సేపంతా మీటరు తిరుగుతుందట, ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి నాయినా అని పెట్టే కేక మాత్రం బాగుంటుందట. ముఖం మీది ముడతను కూడా లైన్ అంటారంటే, అక్కకు చెప్పొద్దు సార్ అని రాశాడు. ఆరో రోజున వృత్తి అని రాశాను, ట్రేడ్, ప్రొఫెషన్. దానికి ఆయన రాసింది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ‘మా తాతది మగ్గం, మా నాయినది మగ్గం, నాది సాంచ. మా ఇంట్ల ఒక్కటే లైన్ సార్. బిడ్డ లైన్ మారాలె.’ సాంచ అంటే కరెంటు మగ్గం.

ఇంత స్పష్టంగా రాసిన మనిషికి ఆ సాయంత్రమే మిగతా ముప్పై ఏడూ రాసిచ్చేయవద్దూ? ఇవ్వలేదు. ఎందుకంటే ఆ వారం రోజుల్లో నాకొక సంగతి తెలిసింది. మిల్లు నుంచి బస్సులో వస్తూ, ఇవాళ అన్న ఏం రాసి ఉంటాడా అని ఆలోచిస్తున్నాను. మెట్లు రెండేసి ఎక్కుతున్నాను. అన్నం తినడానికి ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి చదువుతున్నాను. శనివారం స్టేషనుకు పోలేదు, చెరువుకట్ట మీద కూర్చుని మర్నాడు రాయాల్సిన అర్థానికి మంచి ఉదాహరణ ఏదా అని తంటాలు పడ్డాను. అన్నీ ఒకేసారి ఇచ్చేస్తే ఏముంది, ఆయన నమస్తే పెట్టి తీసుకుంటాడు, మర్నాటి నుంచి మళ్లీ నీళ్లు, కిరసనాయిలు. అందుకని రోజుకొకటి చొప్పున ఇచ్చాను. పిసినారి మా కెమిస్టు కాదు, నేను. గడువు నాకు తెలుసు. చివరి మూడు నాలుగు రోజుల్లో మిగిలినవన్నీ ఇచ్చేయాలని లెక్క కూడా వేసుకున్నాను. దొంగకు కూడా ఒక లెక్క ఉంటుంది కదా.

పద్దెనిమిదో రోజున ఆయన అడిగాడు. ‘ఇంక ఉన్నయా సార్? అన్ని ఒక్కతాన మంచిగ రాసి పంపుదమనుకుంటున్న. లేకుంటె ఇయ్యే పంపుత.’ ట్రంకు పెట్టె నా కాలికి తగులుతూ ఉంది. నేను కలం తీసి, ‘ఇంకా వెతుకుతున్నాను అన్నా, ఆగండి’ అని రాశాను. ఇరవై రెండో రోజున కూర్చుని మిగిలిన ఇరవై రెండూ ఒక్క సాయంత్రంలో రాసిపారేశాను. వంశం, సరిహద్దు, గాలపు తాడు, పద్యపాదం, చొక్కాకు అస్తరు వేయడం, అన్నీ. రాసి, పెద్ద ఉపకారం చేసినవాడిలా హాయిగా పడుకున్నాను. గడువుకు ఇంకా మూడు రోజులుంది కదా అనుకున్నాను. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను కానీ టపా మాట మర్చిపోయాను. అన్నకు అవన్నీ ఫోనులో చదివి చెప్పేటంత ఇంగ్లీషు రాదు, మీటరుకు అంత డబ్బూ లేదు, కాగితం వెళ్లాల్సిందే. సూరత్ నుంచి కరీంనగర్‌కు ఉత్తరం చేరడానికి అయిదారు రోజులు. ఇంటికి పంపిన నా ఉత్తరాల వల్ల అది నాకు తెలిసిన సంగతే. ఆయన పాలీ దిగి నిద్ర లేకుండా నాలుగు గంటలు కూర్చుని అన్నీ దిద్ది రాసి, ఖరీదైన కొరియరులో వేశాడట. అదీ రెండు రోజులు ఆలస్యంగానే చేరింది.

ఇవన్నీ నాకు చెప్పింది అక్క. ఆ తర్వాత పుస్తకంలో నా అక్షరాల కింద అంతా ఖాళీ. ఒక రోజు, రెండు రోజులు, వారం. దిండు గలీబు మాత్రం ఉతికి ఉండేది. ఉండబట్టలేక, అన్నం వడ్డిస్తుంటే అన్నకు ఒంట్లో బాగుందా అని అక్కను అడిగాను. బాగానే ఉన్నాడంది. ఆయన బిడ్డ అందరి ముందు లేచి నిలబడి, తండ్రి ఫోనులో చెప్పిన నాలుగు అర్థాలు చెప్పి, అయిదోది రాక అలాగే నిలబడి ఉండిపోయిందట. కూర్చోమనే దాకా కూర్చోలేదట. మర్నాడే తెలుగు మీడియంకు మార్చేశారట. చెప్పి, చారు పోయనా అని అడిగింది. ఒక్క సాయంత్రంలో ఇరవై రెండు రాయగలిగినవాడు అంతకు ముందు రోజుకొకటే ఎందుకు రాశాడో అయిదో తరగతి చదివిన మనిషికి అర్థం కాదా? చారు వద్దని చెప్పి లేచాను.

మర్నాడు అర పూట సెలవు పెట్టి మధ్యాహ్నం నాలుగింటికి గదికి వచ్చాను. గాలికోసం తలుపు తీసే ఉంది. అన్న నిద్రపోతున్నాడు. ఎప్పుడూ చూడలేదు కదా, గుమ్మంలో నిలబడి చూశాను. గోడవైపు ఒదిగి, సగం మంచం ఖాళీగా వదిలి పడుకుని ఉన్నాడు. ఆ వేళ ఆ మంచం మొత్తం ఆయనదే, అయినా ఎవరో వచ్చి పడుకుంటారన్నట్టు సగం వదిలాడు. నేను పోయి మెట్ల మీద కూర్చున్నాను. అయిదు కొట్టాక లేచి, చెంబుతో ముఖం కడుక్కుంటూ నన్ను చూసి, వచ్చి పై మెట్టు మీద కూర్చున్నాడు. నేను తల దించుకుని, తప్పు నాదే అన్నా అని మెల్లగా అన్నాను. ఆయన చెవి నా వైపు తిప్పి, "జర గట్టిగ చెప్పుండ్రి సార్. సాంచల మోతకు చెవులు పోయినయ్" అన్నాడు. ఇన్నాళ్లూ ఆయన అంతంత ఎందుకు రాసేవాడో అప్పుడు తెలిసింది. రెండోసారి చెప్పాను, వినపడలేదు. మూడోసారి అరవాల్సి వచ్చింది. క్షమాపణ గుసగుసగా చెప్పుకునే వీలు కూడా లేకపోయింది నాకు. నిఘంటువు మొదటి రోజు నుంచీ నా పెట్టెలోనే ఉందనీ, అన్నీ ఇచ్చేస్తే మీరు రాయడం మానేస్తారని దాచుకున్నాననీ వీధి వినేలా అరిచాను. కింద మెస్సులో రొట్టెలు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.

అన్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అంతకు ముందు గట్టిగా మాట్లాడిన మనిషి, అప్పుడు మాత్రం నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా మాట్లాడాడు. "మీకు ఈడ మనుషులెవరు లేరని నాకెర్కనే సార్. మీరు రాసేది సూస్తెనె తెలుస్తది." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నా బిడ్డకు గూడ ఆడ ఎవరు లేరు."

టీచరుగారికి ఉత్తరం రాస్తాననీ, తప్పంతా నాదేనని చెప్పి ఇంకోసారి అవకాశం ఇవ్వమంటాననీ మళ్లీ అరిచాను. వద్దన్నాడు. తెలుగు పుస్తకాలు తమ్ముడి మామ కొనిచ్చాడట, ఆదివారం ఫోను చేస్తే బాగానే మాట్లాడిందట. "ఏడుస్తలేదు సార్. ఏడ్సినా మంచిగుండు" అని లేచాడు. ఆరు దాటుతోంది. కుండలో నీళ్లు నింపి, చొక్కా తొడుక్కుని, ఖాతాకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా పుస్తకం కిటికీలోనే ఉంది. నీళ్లు నింపిన, కిరసనాయిల్ అయిపోయింది, తాళంచెవి అక్క తాన ఇచ్చిన. సార్‌కు నమస్తె అని మొదలుపెట్టడం మానలేదు, దానికి మించి ఒక్క ముక్క ఎక్కువ రాయలేదు. నేను నాలుగైదుసార్లు పెద్ద పెద్ద పేజీలు రాసి చించేశాను. ఎండాకాలంలో ఆయన భేస్తాన్ వైపు వేరే ఖాతాకు మారిపోయాడు, ఆ పక్క మీదకు ఇంకొకాయన వచ్చాడు. ఆయనకు రాయడం రాదు. మరో ఏడాదికి నేనూ హైదరాబాదు వచ్చేశాను, పెళ్లయింది, మళ్లీ వాగుడుకాయనయ్యాను. మా ఇంట్లో ఇప్పుడు నన్ను మాట్లాడొద్దని బతిమాలుకునే పరిస్థితి.

ఆ పిల్లకు ఇప్పుడు ముప్పై అయిదు దాటి ఉంటాయి. తెలుగులో చదివినవాళ్లు బాగుపడలేదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఉంటాను. బాగుపడే ఉంటుంది. కానీ అందరి ముందు అయిదోది రాక నిలబడిన ఆ కాసేపు ఆమెకు ఎంత పొడుగ్గా గడిచిందో, అది ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆ ఏడాది నా దగ్గర ఎవరికీ అక్కర్లేని కాలం గుట్టలుగా పడి ఉండేది. అయినా నేను ఖర్చు పెట్టుకున్నది మాత్రం ఆ పిల్లకున్న ఇరవై అయిదు రోజులు.